ఇంటికి వేసిన వేషం

సుదర్శన రాజా ఏం పని చేస్తాడని తమిళనాట రాజపాళయంలో ఎవరైనా అడిగితే, ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్పేవారు. అన్న వీరరాఘవ రాజా మిల్లులో తోటివాళ్ళతో "మదరాసులో సినిమా కంపెనీ ఇంజినీరు" అనేవాడు. భార్య పంకజం "బొమ్మలు గీస్తారు" అని మాట తప్పించేది. మేనత్త పాపమ్మ మాత్రం "ఇండ్లు కడతాడు, మళ్ళా వాడే పీకుతాడు. ఎందుకో వాణ్ణే అడగండి" అనేది. నిజానికి సుదర్శనాన్నే అడిగినా సరైన సమాధానం దొరికేది కాదు. సినిమా మొదట్లో పడే పేర్లలో తన పేరు పక్కన 'కళ' అని వేసేవారు. ఆ ఒక్క మాటలో తాను చేసే ఏ పని ఉందో అతనికీ అంతుపట్టలేదు.

అతని దారి మొదలవడమే తికమకగా మొదలైంది. 1951లో ఒక నాటకాల కంపెనీ వచ్చి సంత మైదానంలో పందిరి వేసింది. అప్పుడు సుదర్శనం మిల్లు గోదాములో పత్తి బేళ్ళు తూకం వేయించేవాడు. ఒక సాయంత్రం పడమటి గాలికి కంపెనీవాళ్ళ తోట తెర నిలువునా చిరిగిపోయింది. గోడల మీద బొమ్మలు గీసే కుర్రాడని ఎవరో చెబితే మేనేజరు అతణ్ణి పిలిపించి, "నందనవనం వెయ్యి, రేపటికి కావాలి" అన్నాడు. నందనవనం ఎలా ఉంటుందో సుదర్శనానికి తెలియదు. తెలిసినదల్లా సంజీవి కొండ, దాని కింది మామిడి తోపులు, అయ్యనారు గుడి దగ్గర రాళ్ళ మధ్య పారే ఏరు. అదే వేశాడు. మర్నాడు తెర లేచీ లేవగానే జనం తమ కొండను చూసుకొని చప్పట్లతో పందిరి అదరగొట్టారు. తాను రాకముందే చప్పట్లు పడ్డాయని రాజవేషం కట్టినాయన అలిగి సగం పాటలు ఎగ్గొట్టాడు. మేనేజరు సుదర్శనాన్ని తిట్టాలో, మెచ్చుకోవాలో తేల్చుకోకుండానే "మాతో వచ్చెయ్" అన్నాడు. ఆ చప్పట్లు తనకా, కొండకా అన్న సందేహంతోనే సుదర్శనం రైలెక్కాడు.

ఆ కంపెనీ రెండేళ్ళలో మూతపడింది. అతను మదరాసు చేరి వడపళనిలో ఒక స్టూడియో సెట్టింగుల విభాగంలో కుదురుకున్నాడు. సరుగుడు కర్రలు పాతి, వాటికి పలకలు కొట్టి, గోనెపట్టా పరిచి, సున్నపు ముద్ద మెత్తితే పొద్దున లేని కోట సాయంత్రానికి నిలబడేది. అన్నిటికంటే వింతగా తోచింది రంగుల సంగతి. నలుపు తెలుపు సినిమాలో తెల్ల గోడ తెల్లగా కనబడాలంటే దానికి లేత నీలం పుయ్యాలి. నిజం తెలుపు పూస్తే దీపాల కింద మండిపోయి మనిషి ముఖాన్ని మింగేస్తుంది. అందుకని తెలుపును నీలంతో, నలుపును ఎరుపుతో తయారుచేసేవారు. ఏది ఏ రంగో మనసులో తిరగేసి చూసుకోవడం అతనికి అలవాటైపోయింది. పండగకు ఇంటికి వచ్చి, పంకజం కట్టుకున్న ఎర్రచీర చూసి, "ఈ నల్ల చీర ఎప్పుడు తీసినావు?" అన్నాడు. ఆమె భర్త కళ్ళు పాడయ్యాయని భయపడి ఒకరోజంతా ఏడ్చింది.

1958లో అతనే ఆర్టు డైరెక్టరయ్యాడు. గోదావరి తీరం నుంచి వచ్చిన ఒక నిర్మాత "మీరు మనవాళ్ళే కదండీ" అని తెలుగు సినిమా అప్పగించాడు. సుదర్శనం నోరు విప్పి "నేను నిన్ననే వచ్చి చూసుకోని పోయినాను, వేల బాగానే నడుస్తా ఉంది" అని పనిని అరవంలో 'వేల' అనగానే ఆఫీసులో అందరూ నవ్వారు. "ఇదెక్కడి తెలుగండీ?" అన్నాడు నిర్మాత. తన పూర్వులు నాలుగైదు వందల ఏళ్ళ కిందట తెచ్చుకున్న తెలుగని అతనికి చెప్పడం చేతకాలేదు. అతను వేసిన ఇంటి సెట్టు చూసి "ఇది అరవ ఇల్లండీ, తిన్నెలూ అవీ" అని పెదవి విరిచారు. మార్పులు చేయించుకొని సినిమా తీసుకున్నారు. తర్వాత నెలలో అదే సెట్టును ఒక తమిళ కంపెనీ అద్దెకు తీసుకుంటే, వాళ్ళ డైరెక్టరు చుట్టూ తిరిగి చూసి "ఎన్న రాజా, తెలుంగు వీడు మాదిరి ఇరుక్కే" అన్నాడు, తెలుగువాళ్ళ ఇల్లులా ఉందేమిటని. ఆ మధ్యాహ్నం సుదర్శనం సెట్టు మధ్యలో కుర్చీ వేసుకొని చాలాసేపు కూర్చున్నాడు. అది తాను పుట్టి పెరిగిన ఇల్లే, చూసి చూసి వేసినదే. మరి ఎవరి ఇల్లు?

ఇన్నేళ్ళలో అతనికి పేరు వచ్చింది, పని ఒత్తిడీ పెరిగింది. 1963లో ఒక కోస్తా డైరెక్టరు తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి తీసే సినిమాకు కొండ, ఏరు, పాత వీధి కావాలన్నాడు. సుదర్శనం నోరు జారి తమ ఊరి పేరు చెప్పాడు. మాసి నెలలో, ఎండలు ముదరకముందే, కంపెనీ మొత్తం లారీల్లో రాజపాళయం దిగింది. డైరెక్టరు ఊరంతా తిరిగి, చివరికి సుదర్శనం సొంతింటి ముందే ఆగాడు. రెండు తిన్నెలు, నాలుగు సన్నటి టేకు స్తంభాలు, వంగి వెళ్ళాల్సిన గుమ్మం, పైన పెంకులు.

"చోటు బ్రహ్మాండంగా ఉందండీ రాజు గారూ. వెలుతురు బావుంది, వీధి బావుంది. ఇల్లే బాగోలేదు" అన్నాడు డైరెక్టరు.

"ఏమి బాగలేదు?"

"నిజం ఇల్లులా లేదు. తెర మీద మరీ పేదగా పడుతుంది. మన కథలో ఇది పెద్ద మునసబు గారి ఇల్లు. ముందు ఏదైనా కట్టండి."

నిజం ఇంటిని నిజంలా కనిపించేట్టు చేయమంటున్నాడు. సుదర్శనం తల ఊపాడు గాని లోపల ఏదో గజిబిజిగానే ఉంది. అన్నను అడిగితే వీరరాఘవ రాజా మీసం దువ్వుకొని "మనింటికి మేడ వస్తుందంటే వద్దంటానా? చెయ్యరా" అన్నాడు. వారం రోజుల్లో ఇంటి ముందు ఇంకో ఇల్లు లేచింది. సన్న స్తంభాలను లోపల దాచి చేతులకు అందనంత లావు స్తంభాలు, ఎత్తైన గుమ్మం, దాని మీద వంపు, ఆ పైన కిటికీలతో మేడ. మేడ వెనక పెంకులూ, వాటి మీద కాకులూ తప్ప ఏమీ లేవు. గోడలకు లేత నీలం పూస్తుంటే, "తెల్ల ఇల్లు కావాలన్నారంట, నీలం పూస్తా ఉండారు, ఏమి మనుషులో!" అని వీధిలో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు.

ఈ సందడిలో ఎవరికీ గుర్తురాని మనిషి పాపమ్మ. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి చేరిన ఆమె, తల్లి లేని అన్నదమ్ములిద్దరినీ తన చేతుల మీద పెంచింది. రెండు కళ్ళకూ పొర కమ్మి, మనుషులు మసకగా కనబడేవారు. దగ్గర్లోని సేత్తూరులో బంధువులమ్మాయి కాన్పుకని వెళ్ళి అక్కడే ఉండిపోయింది. మరో వారానికి గాని రాదనుకున్నారు. ఇంటి ముందు ఇలా కట్టారని ఆమెకు కబురు పంపాలని ఎవరికీ తట్టలేదు.

ఆ రోజు పొద్దు వాలుతోంది. కథానాయిక బండి దిగి ఇంట్లోకి వెళ్ళే ఘట్టం తీయాలి. వీధికి అడ్డంగా తాడు కట్టి జనాన్ని ఆపారు. ఎదురెండలో కళ్ళు చిట్లించుకొని సుదర్శనం కెమెరా పక్కన నిలబడి గోడ మీద నీడ ఎంతవరకు పడుతుందో చూసుకుంటున్నాడు. అంతలో ఎవరో ముసలావిడ, చంకలో మూటతో, తల మీదికి కొత్త చీర కొంగు లాక్కొని తాడు కిందినుంచి దూరి వచ్చింది. నేరుగా స్తంభం దగ్గరికి వెళ్ళి దాని మీద చెయ్యి వేసింది. వేళ్ళతో తట్టింది. రెండడుగులు వెనక్కి వచ్చి తలెత్తి మేడ వైపు చూసింది. మళ్ళీ ముందుకు వెళ్ళి గుమ్మం దాకా చెయ్యి చాచి, లోపలికి పోకుండా ఆగిపోయింది.

చూడ్డానికి వచ్చిన జనంలో ఎవరో అనుకున్నాడు సుదర్శనం. వెనకనుంచి, ఆ ఎండలో, అంతకంటే ఏమీ కనబడలేదు. పక్కనున్న ప్రొడక్షను మనిషితో "ఆ ముసలి పాట్టిని మెల్లగా అవతలికి తోలుకోని పోప్పా" అన్నాడు. కెమెరా తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది. డైరెక్టరు దాన్ని ఎందుకు ఆపమనలేదో అతనికి అర్థం కాలేదు. నీడ సరిపోయింది, బండి వచ్చింది, ఘట్టం తీశారు. ముసలావిడ సంగతి మరిచిపోయాడు.

దీపాలు పెట్టే వేళకు సేత్తూరు రైతు రాజగోపాలన్ సైకిలు మీద వచ్చి, దొడ్డివైపు వసారాలో దిగి ఒక వక్కాకుల సంచి తీశాడు.

"పెద్దమ్మ మరిచిపోయి వచ్చేసింది. ఇది లేక అల్లాడతా ఉంటుందని తెచ్చినాను."

"అత్త ఎక్కడ వచ్చింది?" అంది పంకజం.

"మధ్యాహ్నం నేనే గదా బస్సు ఎక్కించినాను. కండక్టరుకు చెప్పినాను. చేరలేదా?"

సుదర్శనం చేతిలో కాఫీ లోటా అలాగే ఉండిపోయింది. కొత్త చీర. చంకలో మూట. స్తంభం మీద చెయ్యి. ఒక్కొక్కటీ ఇప్పుడు కళ్ళకు కట్టింది. అతను చెప్పులు కూడా తొడుక్కోకుండా వీధిలో పడ్డాడు. బస్సులు ఆగే చోటికి, కోనేటి వీధికి, తెలిసినవాళ్ళ ఇళ్ళకు అన్న ఒక దిక్కూ తను ఒక దిక్కూ పరుగెత్తారు. చివరికి వీధి మలుపులో, తమ వంశంవాళ్ళ చావడి గోడకు ఆనుకొని, మూట ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న పాపమ్మ కనిపించింది.

"అత్తా! ఇక్కడ కూచోని ఉండావేమి?"

"ఎవరది, సుదర్శనమా? ఎప్పుడు వచ్చినావు నాయనా? మంచి వేళకు దొరికినావు" అని ఆమె అతని చెయ్యి దొరకబుచ్చుకుంది. "మనిల్లు కనపడలేదురా. వీధి సరిగ్గానే ఉంది. బావి ఉంది. ఎదురింటి కుక్క నన్ను చూసి తోక కూడా ఆడించింది. మనిల్లు మాత్రం లేదు. ఆ చోట ఎవరిదో మేడ ఉంది. కంబం తట్టి చూసినాను, తగరపు డబ్బా మాదిరి మోగింది. ఎవడో వచ్చి 'పాట్టి, ఇది నెజ వీడు ఇల్లె, సినిమా వీడు, అంద పక్కం పోంగ' అన్నాడు. నిజం ఇల్లు కాదంట, సినిమా ఇల్లంట, అవతలికి పొమ్మన్నాడు. పావం, మర్యాదగానే చెప్పినాడు. సరి, వచ్చేసినాను. అయినా ఒకటి చెప్పు. అది సినిమా ఇల్లైతే మనిల్లు ఎక్కడ పెట్టినారు?"

ఆ మనిషిని పంపింది తానే. సుదర్శనం ఆమె ఒళ్ళోని మూట అందుకున్నాడు. "మనిల్లు దాని వెనకే ఉంది అత్తా" అన్నాడు.

"వెనక అంటే? దొడ్లోనా?"

"లేదు, అక్కడనే ఉంది. దాని ముందర ఇంకొకటి కట్టినాము."

"ఇల్లు ఉండంగ దాని ముందర ఇల్లు ఎందుకురా?"

కెమెరా, మునసబు గారు, తెర మీద పేదగా పడడం, ఇవన్నీ మదరాసులో మాటలు. ఈ చావడి గోడ పక్కన వాటికి అర్థమున్నట్టు తోచలేదు. సుదర్శనం ఆమె చెయ్యి పట్టుకొని సందు దారిన దొడ్డి గుమ్మంలోంచి తీసుకొచ్చాడు. వంటింట్లో అడుగు పెట్టగానే పాపమ్మ రుబ్బురోలు మీద చెయ్యి వేసి, దాని పక్కనే కూలబడింది. పంకజం మజ్జిగ ఇచ్చింది. తాగి, కొంగుతో మూతి తుడుచుకొని అప్పుడంది:

"నాకు బుద్ధి పోయిందేమోనని బయపడినానురా. ముసలిదాన్ని, పుట్టిన ఇల్లు తెలియలేదే, ఇంక నేను ఎవరికి బారమో అనుకొన్నాను."

సుదర్శనం ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. "నిన్ను అవతలికి తీసకపొమ్మని చెప్పింది నేనే అత్తా. నువ్వని తెలియలేదు" అన్నాడు.

పాపమ్మ ఖాళీ గ్లాసు పక్కన పెట్టింది. "నాకు ఇల్లు తెలియలేదు, నీకు నేను తెలియలేదు. సరికి సరి. వదిలెయ్" అంది. అంత తేలిగ్గా ఆమె వదిలేసింది కాని, అతనికి ఆ లెక్క సరిపోయినట్టు అనిపించలేదు.

షూటింగు ముగిసి లారీలు వెళ్ళిపోయాయి. కట్టినది పీకడానికి మనుషులు వస్తే వీరరాఘవ రాజా అడ్డుపడ్డాడు. పక్కనున్న సత్రపట్టి నుంచి కూడా జనం వచ్చి ఇల్లు చూసి పోతున్నారు, నాలుగు రోజులు ఉండనీ అన్నాడు. ఆ నాలుగు రోజులు దీపావళి నాటి ఐప్పసి వానల దాకా సాగాయి. వానకు సున్నపు ముద్ద ఉబ్బి పెచ్చులూడింది. అంటించిన కాగితాల పిండి జిగురు కోసం వీధి మేకలు స్తంభాలను నాకి నాకి కొరికేశాయి. ఒక తెల్లవారుజామున మేడ కిటికీ ఊడి తిన్నె మీద పడింది. అప్పుడు గాని అన్న ఒప్పుకోలేదు. అంతవరకూ పాపమ్మ ముందు గుమ్మం తొక్కలేదు.

మరుసటి ఏడు సినిమా వచ్చింది. మదరాసులో తెలుగు ప్రతి మొదటి ఆట చూసినవాళ్ళంతా సుదర్శనం చెయ్యి పట్టుకొని ఊపారు. సెట్టింగులు చాలా వేశాడు గాని, అందరూ మెచ్చింది ఒక్క చోటే. కొడుకును వెతుక్కుంటూ ఏళ్ళ తర్వాత ఊరికి వచ్చిన తల్లి, మునసబు గారి మేడగా మారిన తన ఇంటిని పోల్చుకోలేక గుమ్మం ముందు ఆగిపోయే చోటు. తల్లి వేషం వేసిన నటి ముఖం ముందు చూపి, తర్వాత వెనకనుంచి ఒక ముసలావిడను చూపారు. చెయ్యి స్తంభం మీద. తట్టిన వేళ్ళు. రెండడుగులు వెనక్కి. వీణ మీద ఒక్క తీగ.

"మీ ఇల్లు మాట్లాడిందండీ రాజు గారూ" అన్నాడు డైరెక్టరు.

"ఆమె మా అత్త" అన్నాడు సుదర్శనం.

డైరెక్టరు "అయితే మరీ మంచిది" అన్నాడు. ఏం మంచిదో అతను చెప్పలేదు, ఇతను అడగలేదు. జీవితంలో ఇంత మెప్పు ఎన్నడూ రాలేదు. పేరు తనదే, పని తనదే, స్తంభమూ తనదే. అయినా ఎవరైనా పొగుడుతుంటే పరాయివాడి చొక్కా తొడుక్కున్నట్టు ఇబ్బందిగా ఉండేది.

తమిళ ప్రతి రాజపాళయం వచ్చింది. అప్పటికి మదురైలో పాపమ్మకు ఒక కంటి పొర తీసి అద్దాలిచ్చారు. ఆమె సినిమాకు పోవడం అదే మొదలు. సుదర్శనం వద్దనుకున్నాడు గాని, వీరరాఘవ రాజా ముందు వరసలో కుర్చీలు చెప్పి పెట్టాడు. తమ వీధి తెర మీద రాగానే హాలంతా గోల. మేడ కనబడగానే ఈలలు. ఆ చోటు వచ్చేసరికి మాత్రం గోల అణగిపోయింది. వెనక బెంచీల్లో ఎవరో ముక్కు చీదారు. పాపమ్మ అద్దాలు సర్దుకొని ముందుకు వంగింది.

"పావం, ఎవరురా ఆ ముసల్ది? ఇల్లు తెలియక నిలుచుకోని ఉండాది."

పంకజం ఆమె చెవి దగ్గర వంగి, "అది మీరే అత్తా" అంది.

తెర మీద ముసలావిడ గుమ్మం దాకా చెయ్యి చాచి ఆగిపోయింది.

"నేనా? అట్లయితే అట్ల నిలబెట్టి చూస్తా ఉండారేమి? ఎవరన్నా లోపలికి పిలవండిరా!"

ఆమె గట్టిగానే అంది. చుట్టూ కొందరు నవ్వారు, కొందరు నవ్వలేదు. సుదర్శనం లేచి హాలు బయటికి వచ్చి టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు. ఏడుపు వచ్చిందో, నవ్వు వచ్చిందో అతనికే తెలియలేదు. టీ చల్లారిపోయింది, తాగకుండానే తిరిగి లోపలికి వెళ్ళాడు.

ఆ తర్వాత కూడా అతను సినిమాలు చేశాడు, ఇంకా పెద్దవి చేశాడు. 1967లో వీరరాఘవ రాజా పట్టుబట్టాడు. ఊళ్ళో ఎవరు కలిసినా మీ మేడ ఏమైందని అడుగుతున్నారు, ఈసారి నిజంగానే కట్టిపెట్టమన్నాడు. సుదర్శనం సెలవు పెట్టి వచ్చి, మూడు రోజులు కూర్చొని ఎంతో అందంగా బొమ్మ గీసి ఇల్లు కట్టే కొత్తనారు బొమ్మయ్య చేతిలో పెట్టాడు. బొమ్మయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ముందర బాగుంది సామీ. వెనక తట్టు ఏమి రావల?"

సుదర్శనం కాగితం తీసుకొని చూశాడు. వెనక ఏమీ గీయలేదు. గీయాలన్న ఆలోచనే రాలేదు. పడకగదా, కొట్టుగదా, మెట్లు ఎక్కడికి చేరాలి, వాన నీళ్ళు ఎటు పోవాలి, ఏదీ తోచలేదు. అన్నను అడిగితే "అదీ నీకే గదా తెలిసేది" అన్నాడు. పంకజాన్ని అడిగితే ఆమె నవ్వి పాపమ్మ వైపు చూపింది. పాపమ్మ తిన్నె మీద కూర్చొని మినప్పప్పు ఏరుతూ, "వడియాలు ఆరబోసుకొనే చోటు లేక ఇన్ని ఏండ్లు అవస్త పడినాను. వెనకంతా పైకప్పు లేకుండా మొట్టగా వదిలెయ్, గది గిది వద్దు" అంది.

అలాగే కట్టారు. పైన ముందు ఒక గది, వెనకంతా ఆకాశం. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి, ఇది మేడా, డాబానా అని ఇప్పటికీ వాదులాడుకుంటారు. మదరాసు వెళ్ళే ముందు రోజు సుదర్శనం పైకెక్కి చూస్తే, పాపమ్మ వెనకంతా పరిపించిన పాత చీరల మీద వడియాలు వరసలుగా ఆరుతున్నాయి. ఎక్కడ అడుగు వెయ్యాలో తెలియక అతను మెట్ల మీదే నిలబడిపోయాడు.